ముఖం చూడటం, మనసు అడగటం: మన యవ్వనస్థులకు నేర్పవలసిన పాఠం

ఆదికాండము 40వ అధ్యాయంలో ఒక చిన్న సంగతి ఉంది. కలల భావం చెప్పిన పెద్ద సంగతి వెనక అది తరచూ మరుగున పడిపోతుంది. ఐగుప్తు చెరసాలలో ఒక ఉదయం యోసేపు తనకు అప్పగించిన ఇద్దరు ఖైదీల దగ్గరికి వచ్చాడు. ఒకరు ఫరో పానదాయకుల అధిపతి, మరొకరు భక్ష్యకారుల అధిపతి. ఇద్దరి ముఖాల్లోనూ దిగులు కనిపించింది. యోసేపు చూసి ఊరుకోలేదు. ఎందుకలా ఉన్నారని అడిగాడు. ఆ ప్రశ్నతోనే వాళ్లు నోరు విప్పారు, కలలు చెప్పుకున్నారు. రెండేళ్ల తర్వాత యోసేపును ఫరో ఎదుట నిలబెట్టిన దారి ఆ ప్రశ్న దగ్గరే మొదలైంది.

దీని పక్కన మరో సంగతి పెట్టి చూద్దాం. 1 సమూయేలు మొదటి అధ్యాయంలో హన్నా షిలోహు మందిరంలో ప్రార్థిస్తోంది. పెదవులు కదులుతున్నాయి, స్వరం వినబడటం లేదు. యాజకుడైన ఏలీ ఆమె నోటినే గమనిస్తూ కూర్చున్నాడు. ఈమె తాగి వచ్చిందని నిర్ణయించుకుని మందలించాడు. తాను మనోదుఃఖంతో ఉన్నానని హన్నా చెప్పుకున్న తర్వాతే ఆయనకు అసలు విషయం తెలిసింది.

యోసేపూ ముఖం చూశాడు, ఏలీ కూడా ముఖం చూశాడు. ఒకరు చూసి అడిగారు, ఒకరు చూసి తీర్పు తీర్చారు. ఆ తేడాను మన సంఘాల్లో 13 నుంచి 19 ఏళ్ల మధ్య ఉన్న పిల్లలకు ఎలా నేర్పగలం అన్నదే ఈ వారం మన అంశం. ఎదుటివారి ముఖంలోని భావాన్ని గుర్తుపట్టడం పుట్టుకతో పూర్తిగా వచ్చేసే విద్య కాదు. నేర్పితే మెరుగయ్యే విద్య.

ఈ వయసులో ఎందుకు కష్టం?

పసిబిడ్డ తల్లి ముఖం చూసి నవ్వుతుంది. అలాంటప్పుడు పదో తరగతి పిల్లవాడికి ముఖాలు చదవడం మళ్లీ నేర్పాలా అని కొందరు తల్లిదండ్రులు అడగవచ్చు. కానీ యవ్వన దశలో మెదడు ఇంకా నిర్మాణంలోనే ఉంటుంది. ఆలోచించి, తూచి నిర్ణయం తీసుకోవడానికి తోడ్పడే నుదుటి వెనక భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవైల మధ్య వరకూ పడుతుంది. భయం, కోపం వంటి భావాలకు వెంటనే స్పందించే లోపలి భాగాలు అంతకంటే ముందే చురుగ్గా ఉంటాయి.

1990 దశకంలో అమెరికాలోని మెక్లీన్ ఆసుపత్రి పరిశోధకులు కౌమార వయసు పిల్లలకు భయపడుతున్న మనిషి ఫోటోలు చూపించి, ఆ ముఖంలో ఏ భావం ఉందో చెప్పమన్నారు. పెద్దలు తేలిగ్గా గుర్తుపట్టిన భయాన్ని పిల్లల్లో చాలామంది కోపమనో, ఆశ్చర్యమనో, ఇంకేదో అనో చెప్పారు. అది చిన్న అధ్యయనమే. దాని ఆధారంగా పిల్లలందరికీ ముద్ర వేయకూడదు. కానీ మన ఇళ్లలో రోజూ జరిగే ఒక గొడవను అర్థం చేసుకోవడానికి అది దారి చూపుతుంది. ఫీజు ఎలా కట్టాలా అని దిగులుపడుతున్న నాన్న ముఖం కొడుక్కి కోపంగా కనిపిస్తుంది. డ్యూటీ నుంచి వచ్చి నడుం వాల్చిన అమ్మ ముఖంలోని అలసట కూతురికి విసుగులా కనిపిస్తుంది. "ఎప్పుడూ నా మీద కోపమే" అని ఆ పిల్ల అనుకుంటుంది. నిజానికి అక్కడ కోపమే లేదు.

ఇంకో కారణం ఫోను. 2014లో లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 51 మంది ఆరో తరగతి పిల్లలను ఐదు రోజులు ఆరుబయట జరిగే క్యాంపులో గమనించారు. అక్కడ ఫోను, టీవీ, కంప్యూటర్ ఏవీ లేవు. క్యాంపుకి వెళ్లకుండా మామూలుగా బడికి వెళ్లిన 54 మందితో పోల్చి చూస్తే, ముఖాల్లోని, హావభావాల్లోని సంకేతాలను గుర్తించడంలో క్యాంపు పిల్లలు ఎక్కువ మెరుగయ్యారు. ఐదు రోజులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటేనే ఇంత తేడా వస్తే, మన వేసవి వీబీఎస్‌లు, యూత్ రిట్రీట్లు పిల్లలకు వాక్యంతో పాటు ఏమి ఇవ్వగలవో ఆలోచించండి.

ముఖం ఎంత చెబుతుంది, ఎంత చెప్పదు?

పాల్ ఎక్‌మన్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1967, 1968 సంవత్సరాల్లో పాపువా న్యూగినీ వెళ్లి, బయటి ప్రపంచంతో పెద్దగా పరిచయం లేని ఫోరే ప్రజలకు చిన్న చిన్న కథలు చెప్పించి, ప్రతి కథకూ సరిపోయే ముఖం ఏదో ఫోటోల్లోంచి ఎంచమన్నాడు. సంతోషం, దుఃఖం, కోపం, అసహ్యం వంటివాటిని వాళ్లు బాగానే గుర్తించారు. భయాన్నీ ఆశ్చర్యాన్నీ మాత్రం ఒకదానితో ఒకటి కలిపేసుకున్నారు. సంతోషం, దుఃఖం, కోపం, భయం, ఆశ్చర్యం, అసహ్యం అనే ఆరు మూల భావాల మాట అలా ప్రచారంలోకి వచ్చింది. పాఠం మొదలుపెట్టడానికి ఈ ఆరూ మంచి మెట్లు.

అయితే మెట్ల దగ్గరే ఆగిపోకూడదు. 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరో నలుగురు శాస్త్రవేత్తలు కలిసి వెయ్యికి పైగా పరిశోధన పత్రాలను పరిశీలించి ఒక హెచ్చరిక చేశారు. కోపం వచ్చినప్పుడు మనుషులు కనుబొమలు ముడిచి గుర్రుగా చూసేది సగటున సుమారు 30 శాతం సందర్భాల్లోనే. మిగతాసార్లు మౌనంగా ఉంటారు, నవ్వుతారు, ఏడుస్తారు. కనుబొమలు ముడిచిన ప్రతివాడికీ కోపం ఉందనీ చెప్పలేం. లెక్క తెగక నుదురు చిట్లించే పిల్లవాడి ముఖమూ అలాగే ఉంటుంది.

2012లో జరిగిన మరో అధ్యయనం ఇంకా ఆసక్తికరమైనది. కీలకమైన పాయింటు గెలిచిన, ఓడిన టెన్నిస్ ఆటగాళ్ల ఫోటోలు తీసుకుని, ముఖం మాత్రమే కత్తిరించి చూపిస్తే ఎవరు గెలిచారో ఎవరు ఓడారో చూసినవాళ్లు చెప్పలేకపోయారు. శరీరం కనిపించినప్పుడు చెప్పగలిగారు. పట్టలేని ఆనందం, పట్టలేని బాధ ముఖం మీద దాదాపు ఒకేలా ఉంటాయన్నమాట. అందుకే ముఖంతో పాటు చేతులు, భుజాలు, గొంతు, సందర్భం అన్నీ చూడాలి. అన్నీ చూశాక కూడా అడగాలి.

బేత్లెహేములో యెష్షయి కుమారుల ముందు నిలబడిన సమూయేలుకు దేవుడు నేర్పిందీ ఇదే. ఏలీయాబు రూపం, ఎత్తు చూసి సమూయేలు ఒక నిర్ణయానికి వచ్చేశాడు. మనిషి చూపు పైరూపం దగ్గర ఆగుతుందనీ, దేవుని చూపు హృదయం వరకూ వెళ్తుందనీ ఆయనకు తెలియజేయబడింది (1 సమూయేలు 16). హృదయాన్ని చూసే చూపు మనకు లేదు. కానీ అడిగే నోరు, వినే చెవి మనకు ఇవ్వబడ్డాయి.

మన భాషే మొదటి పాఠ్యపుస్తకం

పిల్లలకు భావాల పేర్లు నేర్పడానికి ఖరీదైన కార్డులు కొననక్కర్లేదు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు మాట్లాడే తెలుగులో ముఖం చుట్టూ ఎన్ని మాటలున్నాయో చూడండి. ముఖం వెలిగిపోయింది. ముఖం వాడిపోయింది. ముఖం చిన్నబుచ్చుకుంది. ముఖం మాడ్చుకుంది. ముఖం పాలిపోయింది. ముఖం తిప్పుకుంది. మూతి ముడుచుకుంది. పెదవి విరిచాడు. గుడ్లురిమాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నెత్తురుచుక్క లేదు.

వీటిలో ఏ రెండూ ఒకటి కావు. చిన్నబుచ్చుకున్న ముఖం వెనక అవమానం ఉంటుంది. మాడ్చుకున్న ముఖం వెనక అలక, కోపం ఉంటాయి. వాడిపోయిన ముఖం వెనక ఆకలో, జ్వరమో, నిద్రలేమో ఉండవచ్చు. పాలిపోయిన ముఖం భయాన్ని చెబుతుంది. "బాగున్నాను", "బాగోలేదు", "బోర్" అనే మూడు మాటలతో సరిపెట్టుకునే పిల్లలకు ఈ పదసంపద అందితే, ఎదుటివారి భావాన్నే కాదు, తమ భావాన్ని కూడా సరిగ్గా పేరు పెట్టి చెప్పగలుగుతారు. "నాకు కోపం రాలేదు అక్కా, చిన్నతనంగా అనిపించింది" అని ఒక అమ్మాయి చెప్పగలిగితే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

పరిశుద్ధ గ్రంథమూ ముఖాన్ని ఇంత శ్రద్ధగానే చూస్తుంది. కయీను ముఖం చిన్నబుచ్చుకున్నప్పుడు దేవుడు మొదట చేసిన పని, ఎందుకలా అని అడగడం (ఆదికాండము 4). లాబాను ముఖం తన పట్ల మునుపటిలా లేదని యాకోబు కనిపెట్టాడు (ఆదికాండము 31). రాజు సముఖంలో నెహెమ్యా విచారంగా కనబడితే, అర్తహషస్త అది వ్యాధి కాదని గ్రహించి, కారణం అడిగాడు (నెహెమ్యా 2). నవ్వుతున్నప్పుడు కూడా హృదయంలో దుఃఖం ఉండవచ్చని సామెతలు 14వ అధ్యాయం మనల్ని జాగ్రత్తపరుస్తుంది.

మన ఇళ్లలో తప్పుగా చదివే ముఖాలు

పెద్దలమైన మనం కూడా పిల్లల ముఖాలను తరచూ తప్పుగా చదువుతాం. మందలిస్తున్నప్పుడు కొందరు పిల్లలు నవ్వుతారు. "తిడుతుంటే నవ్వుతావా?" అని మనకు కోపం రెట్టింపవుతుంది. చాలాసార్లు అది ఎగతాళి కాదు. భయం, సిగ్గు ఎక్కువైనప్పుడు వచ్చే నవ్వు. తల వంచుకున్న పిల్లవాడిని తప్పు చేసినవాడిగా లెక్కేస్తాం. మన ఊళ్లలో పెద్దవాళ్ల కళ్లలోకి సూటిగా చూడకపోవడం మర్యాదగా నేర్పిందీ మనమే.

మగపిల్లల విషయంలో మరీ కష్టం. "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా?" అన్న మాట పదేళ్లు విన్న కుర్రాడు పదిహేనేళ్లకు దుఃఖాన్ని కూడా కోపంగానే చూపించడం నేర్చుకుంటాడు. తలుపు గట్టిగా వేస్తాడు, బండి వేగంగా నడుపుతాడు. మనకు కనిపించేది మొండితనం, వాడు మోస్తున్నది బాధ. లాజరు సమాధి దగ్గర మన ప్రభువు అందరి ఎదుట కన్నీళ్లు విడిచాడన్న సంగతి (యోహాను 11) మన మగపిల్లలకు సిలువ గురించి చెప్పినంత స్పష్టంగా చెప్పాలి.

తల్లిదండ్రులు ఇంట్లో ఈ రోజే మొదలుపెట్టగల పని ఒకటుంది. మీ ముఖానికి మీరే మాట జోడించండి. "నాన్నా, నీ మీద కోపం కాదు, ఆఫీసులో తల నొప్పి వచ్చింది, పది నిమిషాలాగి మాట్లాడుకుందాం." "అమ్మా, నేను భయపడ్డాను, అందుకే గట్టిగా అరిచాను." ఇలా చెప్పడం వల్ల గౌరవం తగ్గదు. అలసిన ముఖం ఎలా ఉంటుందో, కోపంగా ఉన్న ముఖం ఎలా ఉంటుందో పిల్లలకు తేడా తెలుస్తుంది.

సండే స్కూల్లో, యూత్ కూటంలో ఎలా నేర్పాలి?

వాక్య పరిచర్యకు అడ్డు లేకుండా వారానికి అరగంట చాలు. నాలుగు పద్ధతులు సూచిస్తున్నాం.

మొదటిది, పాత వార్తాపత్రికలు. మనుషుల ఫోటోలు కత్తిరించండి. ఒక అట్టముక్కతో ముఖం కింది సగం మూసి, కళ్లు మాత్రమే చూపించి భావం చెప్పమనండి. తర్వాత నోరు, ఆ తర్వాత మొత్తం ఫోటో, చివరికి వార్త చదవండి. మధ్యలో అభిప్రాయం ఎన్నిసార్లు మారిందో పిల్లలే లెక్కపెట్టుకుంటారు. గెలిచి ఏడుస్తున్న ఆటగాడి ఫోటో ఒకటి తప్పక ఉండనివ్వండి. నవ్వుల గురించి కూడా ఇక్కడే చెప్పవచ్చు. 1862లో ఫ్రెంచి వైద్యుడు డ్యూషెన్ ముఖ కండరాల మీద పుస్తకం రాస్తూ, మనసారా వచ్చే నవ్వులో పెదవులతో పాటు కంటి చుట్టూ ఉండే కండరం కూడా కదులుతుందని గమనించాడు. దీన్ని కూడా కచ్చితమైన పరీక్షగా తీసుకోకూడదు. కొందరు ఆ నవ్వును కూడా తెచ్చిపెట్టుకోగలరు.

రెండోది, శబ్దం తీసేసిన వీడియో. ఏదైనా సీరియల్‌లోనో సినిమాలోనో ఒక మంచి సన్నివేశం రెండు నిమిషాలు శబ్దం లేకుండా చూపించి, ఎవరు ఏమనుకుంటున్నారో రాయమనండి. తర్వాత శబ్దంతో చూపించండి. సీరియళ్లలో భావాలు పెద్దవి చేసి చూపిస్తారు కాబట్టి తేలిక. నిజజీవితంలో ముఖాలు అంత గట్టిగా మాట్లాడవని చివర్లో చెప్పండి.

మూడోది, బైబిలు ముఖాలు. చీటీల మీద పేర్లు రాయండి. తన ఆస్తిని విడవలేక దుఃఖపడుతూ వెళ్లిపోయిన ధనవంతుడు. ఇంట్లోకి రానని బయటే నిలబడిన పెద్దకొడుకు. పని భారంతో తొందరపడుతున్న మార్త. చెట్టు మీద నుంచి దిగుతున్న జక్కయ్య. చీటీ తీసినవారు మాట లేకుండా ముఖంతోనే చూపించాలి, మిగతావారు కనిపెట్టాలి. తర్వాత "ఆ సమయంలో నువ్వు పక్కనుంటే ఏమి అడిగేవాడివి?" అని చర్చించండి. ధనవంతుడిని యేసు చూసి ప్రేమించాడని మార్కు 10లో ఉంది. చూడటం, ప్రేమించడం అక్కడ ఒకే వాక్యంలో ఉన్నాయని పిల్లలకు చూపించండి.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, మూడు మాటల అభ్యాసం. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఇలా పలికించండి: "నువ్వు కొంచెం దిగులుగా ఉన్నట్టు కనిపిస్తున్నావు. నేను అనుకున్నది నిజమేనా? చెప్పాలనిపిస్తే వింటాను." మొదటి మాట చూసినదాన్ని చెబుతుంది. రెండోది తీర్పును ప్రశ్నగా మారుస్తుంది. మూడోది బలవంతం లేకుండా తలుపు తెరిచి ఉంచుతుంది.

ఇక్కడ ఒక నియమం పెట్టాలి. విన్నది బయటికి పోకూడదు. ప్రార్థన అంశం అనే పేరుతో ఒకరి ఇంటి బాధను కూటమంతా చెప్పుకుంటే, ఆ పిల్ల మళ్లీ ఎవరి ముందూ నోరు విప్పదు. ప్రాణానికి ప్రమాదం ఉందనిపించినప్పుడు మాత్రం, నమ్మకమైన పెద్దవారికి వెంటనే చెప్పాలి. ఈ మినహాయింపును మొదటి రోజే పిల్లలకు వివరించాలి.

అందరికీ ఒకే కొలత కాదు

ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి ముఖ కవళికలు చదవడం, కళ్లలోకి చూసి మాట్లాడటం కష్టం. అది ప్రేమ లేకపోవడం కాదు, మొండితనమూ కాదు. వాళ్లను ఆటలో అందరి ముందు నిలబెట్టి తప్పులు చూపవద్దు. "నాకు బాధగా ఉంది" అని వాళ్లకు మాటలతో చెప్పడం మిగతావారికి నేర్పండి. చూపు లేని పిల్లలు గొంతులోని వణుకును మనకంటే ముందే పసిగట్టవచ్చు. ఆ కూటంలో వాళ్లే గురువులు కావచ్చు.

ముఖం కడుక్కుని వచ్చేవారు

ఇదంతా ఎందుకింత ముఖ్యమో చెప్పడానికి మళ్లీ యోసేపు దగ్గరికే వెళ్లాలి. ఇతరుల ముఖాల్లో దిగులును ఇట్టే పట్టుకున్న ఆ మనిషే, తన తమ్ముడైన బెన్యామీనును చూసినప్పుడు లోపలి గదిలోకి వెళ్లి ఏడ్చాడు. తర్వాత ముఖం కడుక్కుని, తన్ను తాను అణచుకుని, బయటికి వచ్చి భోజనం వడ్డించమన్నాడు (ఆదికాండము 43). ఎదురుగా కూర్చున్న అన్నదమ్ములకు ఏమీ తెలియలేదు.

మన సంఘాల్లోనూ ముఖం కడుక్కుని వచ్చే పిల్లలు ఉన్నారు. క్వయర్‌లో పాడతారు, కుర్చీలు సర్దుతారు, "ప్రైజ్ ద లార్డ్ అంకుల్" అంటూ నవ్వుతూ పలకరిస్తారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాక కొద్ది రోజుల్లోనే సుమారు 20 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు రెండు రాష్ట్రాలనూ కుదిపేశాయి. ఒక్కో మరణం వెనక ఒకటే కారణం ఉంటుందని ఎవరూ చెప్పలేరు. ముఖం చూసి ఉంటే ఆపగలిగేవాళ్లమని తల్లిదండ్రుల మీద నింద మోపడం క్రూరత్వం. కానీ ఫలితాల వారంలో మన పిల్లల్లో ప్రతి ఒక్కరినీ ఎవరో ఒకరు దగ్గర కూర్చోబెట్టుకుని, మార్కుల గురించి కాక మనసు గురించి అడగడం సంఘానికి సాధ్యమయ్యే పని.

పెద్దలకంటే ముందు ఆ మార్పును గమనించేది చాలాసార్లు తోటి పిల్లలే. పక్క బెంచీలో కూర్చునేది వాళ్లు, హాస్టల్ గదిలో ఉండేది వాళ్లు. అందుకే ఈ విద్య వాళ్ల చేతిలో ఉండాలి. ఎవరైనా బతకాలని లేదని అంటే, అది మాటవరసకు అన్నదని తోసేయకుండా, వాళ్లను ఒంటరిగా వదలకుండా, వెంటనే పెద్దలకు చెప్పాలని నేర్పండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు ప్రతి సంఘం నోటీసు బోర్డు మీద ఉండాలని మా మనవి. ప్రార్థన చేయించడం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం ఒకదానికొకటి విరోధం కాదు.

ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు దుఃఖముఖులై నడుస్తుంటే, తిరిగి లేచిన ప్రభువు వాళ్ల పక్కన చేరి నడిచాడు. వాళ్ల బాధ ఏమిటో ఆయనకు తెలియనిది కాదు. అయినా దేని గురించి మాట్లాడుకుంటున్నారని అడిగాడు, వాళ్లు చెప్పేదంతా విన్నాడు, ఆ తర్వాతే లేఖనాలు వివరించాడు (లూకా 24). అన్నీ ఎరిగినవాడే అడిగి విన్నాడు. ఏడ్చేవారితో ఏడవమని అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి నేర్పిన మాట పాటించాలంటే, ముందు ఎవరు ఏడుస్తున్నారో మనకు తెలియాలి.

వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక, బండి తాళాలు తీసుకునే ముందు, మీ సంఘంలో ఒక యవ్వనస్థుని ముఖం ఒక్క నిమిషం చూడండి. చదువు గురించి, మార్కుల గురించి అడగవద్దు. "ఎలా ఉన్నావు నాన్నా?" అని అడగండి. జవాబు వచ్చేవరకు నిలబడండి.